కౌన్సిలర్ ఉపన్యాసంలో ఢిల్లీ ఎంత, మన వార్డు ఎంత?

మహేంద్రతనయ గట్టు అడిగారు:

నమస్కారమండీ. ఊరి పేరు, మనిషి పేరు వద్దు, వ్యవహారం మాత్రం చెబుతాను. ఒడిశాలో గంజాం–గజపతి వైపు ఒక మునిసిపాలిటీ. వార్డులో తెలుగు ఇళ్ళే ఎక్కువ. 2022 మార్చిలో గెలిచిన కౌన్సిలర్ గారి అయిదేళ్ళ గడువు 2027లో తీరిపోతుంది. అంచేత ఇప్పుడు సందు సందుకీ మీటింగు పెడుతున్నారు. మంచి మాటకారి. కాలువతో మొదలెట్టి పార్లమెంటు దాకా వెళ్ళిపోతారు. ఆయన అన్న మాటలు ఇవి:

ఢిల్లీ నుంచి డబ్బు రాలేదు కాబట్టే కాలువ కట్టలేదు. హోల్డింగ్ టాక్స్ (ఆస్తిపన్ను) పెరగకుండా నేనే అడ్డుపడ్డాను. పక్క పంచాయతీలో ఉన్న కాలనీని వచ్చే ఎన్నికల లోపు మన మునిసిపాలిటీలో కలిపిస్తాను. తెలుగు బడికి టీచర్ని వేయిస్తాను. జనగణనలో మాతృభాష ఏది రాయించుకున్నా ఒకటే, దానికి గొడవ పడకండి. దేశమంతా ఒకేసారి ఎన్నికలు వస్తే మునిసిపాలిటీలకి మేలు. అన్నిటికంటే ముఖ్యం, అధికార పార్టీ వైపు ఉంటేనే నిధులు.

వీటిలో ఏది ఆయన చేతిలో ఉంది, ఏది లేదు? వచ్చే మీటింగులో ఏ కాగితం చూపించమని అడగాలి? పార్టీల తిట్లు వద్దు, దయచేసి.

---

పద్దుల పుస్తకం:

డబ్బు సంగతి ముందు తేల్చుకోండి, తక్కిన సగం దానంతట అదే తేలిపోతుంది.

ఢిల్లీ నుంచి మునిసిపాలిటీకి లెక్కకట్టి వచ్చే పెద్ద సొమ్ము ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం కాలం 2026 మార్చితో ముగిసింది, ఏప్రిల్ నుంచి 16వ సంఘం కాలం. ఆయన చెబుతున్న అయిదేళ్ళలో ఎక్కువ భాగం 15వ సంఘం కిందకే వస్తుంది కాబట్టి ఆ నిబంధనలే చూడాలి. పది లక్షల జనాభా లేని ఊళ్ళకి అవి ఇలా ఉన్నాయి: వచ్చిన ప్రతి వంద రూపాయల్లో 30 తాగునీటికి, వాననీటి సంరక్షణకి, వాడిన నీటిని మళ్ళీ వాడుకోవడానికి. ఇంకో 30 పారిశుధ్యానికి, చెత్త నిర్వహణకి. మిగిలిన 40 మాత్రమే ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, అదీ జీతాలకీ ఆఫీసు ఖర్చులకీ కాదు. వీధికాలువ మామూలుగా ఈ 40లోంచే రావాలి. అంటే గ్రాంటు కోటి వచ్చినా కాలువలకీ రోడ్లకీ దీపాలకీ కలిపి 40 లక్షలే, దాన్నే వార్డులన్నీ పంచుకోవాలి. ఇదీ కౌన్సిలర్ చెప్పదగ్గ నిజం. చెప్పరు, ఎంచేతంటే ‘మన వాటా ఎంత, ఎవరు పట్టుకుపోయారు’ అన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

రెండోది, ‘ఢిల్లీ ఇవ్వలేదు’ అన్నది. 2021–22 నుంచి గ్రాంటుకి అర్హత రావాలంటే మునిసిపాలిటీ రెండేళ్ళ లెక్కలు జనానికి కనబడేలా ఆన్‌లైన్లో పెట్టాలి: వెనకటి సంవత్సరానివి తాత్కాలిక లెక్కలు, దాని ముందటి సంవత్సరానివి ఆడిట్ అయిన లెక్కలు. అవి కేంద్రం నడిపే సిటీ ఫైనాన్స్ పోర్టల్లో ఊరి పేరు కొడితే కనిపిస్తాయి. లెక్కలు వేళకి ఎక్కించకపోతే డబ్బు ఆగుతుంది, ఆ తప్పు ఢిల్లీది కాదు. మీటింగుకి వెళ్ళేముందు ఫోన్లో అది తెరిచి చూసుకోండి. ఉంటే ‘డబ్బు వచ్చిందే, ఎక్కడికి పోయింది?’ అనడగాలి. లేకపోతే ‘లెక్కలు ఎందుకు పెట్టలేదని కౌన్సిల్లో ఎప్పుడైనా అడిగారా?’ అని అడగాలి.

ఇక హోల్డింగ్ టాక్స్. ఇదే ఆర్థిక సంఘం ఇంకో షరతు పెట్టింది: రాష్ట్రం ఆస్తిపన్నుకి కనీస రేటు ప్రకటించాలి, ఆ తర్వాత వసూలు రాష్ట్ర స్థూల ఉత్పత్తి (జీఎస్‌డీపీ) పెరుగుదలతో సమానంగా పెరగాలి. కాబట్టి టాక్స్ పెరగకుండా అడ్డుపడ్డానని ఒక నోటితోనూ, ఢిల్లీ డబ్బు రాలేదని ఇంకో నోటితోనూ అంటే ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. నిజంగా అడ్డుపడి ఉంటే కౌన్సిల్ తీర్మానాల పుస్తకంలో ఆయన అసమ్మతి నమోదై ఉంటుంది. తేదీ, తీర్మానం నంబరు అడగండి.

అధికార పార్టీ మాట సగం నిజం. ఆర్థిక సంఘం సొమ్ము రాష్ట్రాలకి జనాభా 90, విస్తీర్ణం 10 పాళ్ళలో పంచారు, అందులో జెండా రంగు లేదు. రాష్ట్ర పథకాల్లో, ఎమ్మెల్యే, ఎంపీ నిధుల్లో మాత్రం ఎవరు అడిగారన్నది పని చేస్తుంది. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు, అందులో 15 శాతం దళితులుండే చోట్లకి, 7.5 శాతం గిరిజనులుండే చోట్లకి. ఎంపీ సిఫారసు చేస్తే మంజూరు జిల్లా యంత్రాంగం చేతిలో ఉంటుంది. ‘ఎంపీకి మీరు రాసిన ఉత్తరం నకలు ఉందా?’ అన్న ఒక్క ప్రశ్న చాలు.

---

లెవెల్ గొట్టం:

పైవారు డబ్బు చెప్పారు, నేను కాలువ చెబుతాను. డబ్బొచ్చి కట్టిన కాలువల్లోనూ నీళ్ళు నిలిచిపోతున్న ఊళ్ళు మన వైపు కొల్లలు. కౌన్సిలర్ ‘కట్టించాను’ అంటాడు, జనం చప్పట్లు కొడతారు, ఆషాఢంలో నీళ్ళు ఇంట్లోకొస్తాయి.

మొదటి ప్రశ్న ఎంత పొడుగు కడతారని కాదు, నీళ్ళు చివరికి ఎక్కడ పడతాయని. పడేచోటు ఖరారు కాకుండా మధ్యలో 100 మీటర్లు కడితే అది కాలువ కాదు, దోమల తొట్టి. రెండోది వాలు. 200కి 1 వాలు అనుకుంటే 100 మీటర్లకి కాలువ అడుగుభాగం 50 సెంటీమీటర్లు దిగాలి, 300కి 1 అయితే 33. వీధి చదునుగా ఉంటే ఆ దిగుడు చివర్లో దొరకదు. అప్పుడు కాంట్రాక్టరు అడుగుని రోడ్డుతో సమానంగా పోనిచ్చేస్తాడు, కొన్నిచోట్ల ఎదురు వాలే వస్తుంది. దీన్ని పట్టుకోడానికి ఇంజినీరు అక్కర్లేదు. తాపీమేస్త్రి దగ్గరుండే పారదర్శకపు గొట్టంలో బుడగ లేకుండా నీళ్ళు నింపి, పది పది మీటర్లకి అడుగు మట్టం గుర్తు పెట్టుకుంటూ పోతే గంటలో తెలిసిపోతుంది. కాంక్రీటు పోసేముందు, అడుగు పరుపు వేసినప్పుడే చూడాలి. పోసేశాక చూసి లాభం లేదు.

మామూలు ఎం20 రకం కాంక్రీటు మిశ్రమానికి 50 కిలోల సిమెంటు బస్తాకి నీళ్ళు 30 లీటర్లు మించకూడదు. జారుగా ఉంటే పోయడం సులువని బకెట్లతో కుమ్మరిస్తారు, రెండో వానకి అంచులు రాలతాయి. మార్కెట్లో ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటుకి కనీసం 10 రోజులు తడపాలి. మీద పలకలు తీసి పూడిక ఎత్తడానికి వీలుగా ఉండాలి. 60 బై 45 సెంటీమీటర్లు, 10 మందం అయితే సుమారు 65 కిలోలు, ఇద్దరు ఎత్తగలరు. ఒకే పొడుగు పలక పోసేస్తే ఆ కాలువ ఇక ఎవరూ తెరవరు.

అన్నిటికంటే ప్రమాదం ఇంకోటుంది. ఇళ్ళకి వెళ్ళే మంచినీటి గొట్టాలు కాలువ లోపల నుంచి దాటుతుంటాయి. నీళ్ళు వదిలే వేళ పోయాక గొట్టంలో ఒత్తిడి ఉండదు, అతుకు వదులుగా ఉంటే మురుగుని లోపలికి పీల్చుకుంటుంది. పచ్చకామెర్లు, వాంతులు వీధివీధంతా ఒకేసారి వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఎస్టిమేటులోనే ‘గొట్టాల మార్పు’ అని ఒక పద్దు ఉండాలి. చాలా ఎస్టిమేట్లలో ఉండదు, ఎందుకంటే నీటి సరఫరా వేరే విభాగానిది, మునిసిపాలిటీ జూనియర్ ఇంజినీరు దాని జోలికి పోడు. ఇద్దరినీ ఒక రోజు వీధిలో నిలబెట్టడం, ఇదిగో, ఇదే కౌన్సిలర్ చేయగల అసలు పని. దీనికి ఢిల్లీ అక్కర్లేదు.

పని ఎక్కడ ఆగిందో కనిపెట్టడం కూడా సులువే: ఎస్టిమేటు, సాంకేతిక మంజూరు, పరిపాలనా ఆమోదం, కౌన్సిల్ తీర్మానం, టెండరు, వర్క్ ఆర్డరు, కొలతల పుస్తకం, బిల్లు. ఏ మెట్టు మీద ఉందో ఆయన్నే చెప్పమనండి. ఎస్టిమేటే లేకపోతే ‘నిధుల కొరత’ అన్నది వట్టి మాట. ఎంత కావాలో తెలియకుండా కొరత ఎలా తెలిసింది?

---

రెండు నోళ్ళ ఊరు:

మాతృభాష ఏది రాయించినా ఒకటే అన్నది ఈ మొత్తంలో అన్నిటికంటే నష్టం చేసే మాట. మిగిలినవి ఆయన పదవితో పోతాయి, ఇది పుస్తకంలో ఉండిపోతుంది.

ఎందుకో చెబుతాను. జిల్లాలో గానీ దాని కింది స్థాయిలో గానీ ఒక భాష మాట్లాడేవాళ్ళు 15 శాతం ఉంటే ముఖ్యమైన నిబంధనలు, నోటీసులు ఆ భాషలో కూడా అచ్చువేయాలన్నది భాషా మైనారిటీలకి ఒప్పుకున్న రక్షణల్లో ఒకటి. ఆ 15 ఎక్కడ నుంచి లెక్క తీస్తారు? జనగణన నుంచే. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడేవాళ్ళు ‘ఏదో ఒకటి రాసుకోండి బాబూ’ అన్నారంటే ఆ శాతం కాగితం మీద కరిగిపోతుంది.

జనగణన నిర్వచనం స్పష్టంగానే ఉంటూ వస్తోంది: చిన్నప్పుడు తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష మాతృభాష. తల్లి పసితనంలోనే పోతే, చిన్నప్పుడు ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. ఒడియా వచ్చు కదా అని మాతృభాష దగ్గర ఒడియా పెట్టనక్కర్లేదు. తెలిసిన ఇతర భాషలు రెండిటి దాకా రాసుకోడానికి విడిగా గడి ఉంటుంది, ఒడియా అక్కడ వస్తుంది. 2011లో ఇలాగే అడిగారు. ఇళ్ళ జాబితా విడతలో కాదు, మనుషుల్ని లెక్కపెట్టే రెండో విడతలో, అంటే 2027 ఫిబ్రవరిలో జాగ్రత్త పడండి. ఇంటి పెద్ద ఒక్కరే అందరి తరఫునా చెబుతారు కనుక కోడళ్ళ భాష ఆయనకి తోచినట్టు పోతుంటుంది. ఒడియా ఇంటి నుంచి వచ్చిన కోడలిది ఒడియానే రాయించండి, అదీ నిజమే కావాలి.

బడి సంగతి. టీచరుని వేసేది మునిసిపాలిటీ కాదు, రాష్ట్ర విద్యాశాఖ. ‘వేయిస్తాను’ అంటే ఉత్తరం రాస్తాను అని అర్థం. ఆ ఉత్తరానికి బలం ఎక్కడుందంటే, రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకి వసతి కల్పించమంటుంది. అమలుకి పెట్టుకున్న కొలత: బడి మొత్తమ్మీద 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది పిల్లలు ఆ భాష కోరితే టీచరు. బడి తెరిచే మూడు నెలల ముందే కోరికల రిజిస్టరు తెరవాలి. మనకి ఏప్రిల్లో తరగతులు మొదలవుతాయి గనుక జనవరిలో హెడ్మాస్టరు దగ్గర పేర్లు ఎక్కాలి. జూన్‌లో పదిమంది తల్లిదండ్రులు కలెక్టరేటుకి వెళ్ళి ధర్నా చేస్తే ‘రిజిస్టరులో లేరే’ అంటారు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో స్థానిక సంస్థ ప్రతినిధికి చోటుంది, నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. ఆ కమిటీ తీర్మానంతో బాటు పేర్ల జాబితా జత చేసి పంపితే ఉత్తరానికి విలువ. ఊరికే లెటర్‌హెడ్ మీద రాస్తే ఫైల్లో పడుంటుంది.

ఇంకో మాట, తెలుగు బడి అడగడం ఒడియా వద్దనడం కాదు. ఒడిశాలో సర్కారు ఉద్యోగానికి ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. పిల్లలకి రెండూ రావాలి. ఈ ముక్క కౌన్సిలర్లు తెలుగు మీటింగులో చెప్పరు, ఒడియా మీటింగులో తెలుగు బడి మాటెత్తరు. రెండు చోట్లా ఒకే మాట చెప్పమని అడగండి.

---

గోదావరి అవతల (నాందేడ్ జిల్లా):

మా వైపు కౌన్సిలర్ని నగరసేవక్ అంటారు, ఆఫీసరుని ముఖ్యాధికారి. పేర్లే తేడా, ఉపన్యాసం ఒకటే.

ఒకేసారి ఎన్నికల మాట మీద: 2024 డిసెంబరు 17న లోక్‌సభలో పెట్టిన 129వ రాజ్యాంగ సవరణ బిల్లులో ఉన్నది లోక్‌సభ, శాసనసభలే. మునిసిపాలిటీలు అందులో లేవు. వాటిని 100 రోజుల లోపు జరపాలన్నది ఒకేసారి ఎన్నికల మీద వేసిన కోవింద్ కమిటీ సిఫారసు మాత్రమే. కాబట్టి మునిసిపాలిటీకి మేలు అన్నది ఇప్పటికి గాలిలో మాట.

స్థానిక ఎన్నికలకి అసలు బెడద వేరే ఉంది, అది మహారాష్ట్ర చూసింది. రాజ్యాంగం 243యు అధికరణం ప్రకారం అయిదేళ్ళు తీరేలోపే కొత్త కౌన్సిల్ రావాలి. కానీ బీసీ రిజర్వేషనుకి సుప్రీంకోర్టు మూడు షరతులు పెట్టింది: ప్రత్యేక కమిషన్, ఒక్కో ఊరికి విడి లెక్క, మొత్తం 50 శాతం దాటకూడదు. 2021 మార్చిలో వచ్చిన తీర్పు మా రాష్ట్రానిదే. ఆ చిక్కులో ఏళ్ళ తరబడి ఎన్నికల్లేక ఊళ్ళని ప్రశాసకులు (కౌన్సిల్ లేనప్పుడు సర్కారు పెట్టే అధికారులు) నడిపారు. 2025 మే 6న సుప్రీంకోర్టు నాలుగు వారాల్లో నోటిఫికేషన్ ఇమ్మన్నాక గానీ కదల్లేదు, నగరపరిషత్తులకి ఆ డిసెంబరులో ఓట్లు పడ్డాయి. ప్రశాసకుడి కాలంలో వార్డు తరఫున సంతకం పెట్టేవాడే ఉండడు, దీపం ఆరిపోయినా తిన్నగా ఆఫీసుకే పోవాలి. మీ కౌన్సిలర్ని ఈ ప్రశ్న అడగండి: 2027 గడువుకి వార్డుల రిజర్వేషను కసరత్తు ఎంతదాకా వచ్చింది? జాతీయ రాజకీయం మీద ఆయనకి అభిప్రాయం ఉండవలసిన చోటు అది.

పక్క కాలనీని కలిపిస్తానన్నదీ అంతే. జనగణన కోసం 2025 డిసెంబరు 31 తర్వాత ఊళ్ళ, వార్డుల సరిహద్దులు కదపకూడదని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది, 2027 మార్చి ఆఖరు దాకా అదే స్థితి. ఎన్నికల లోపు కలపడం ఆయన తరం కాదు. ఇక్కడా నాయకులు గోదావరి మీదున్న బాబ్లీ బరాజ్ గేట్ల మీద ఇలాగే మాట ఇస్తుంటారు. 2013 ఫిబ్రవరి 28 తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు తెరిచే ఉండాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. ఏ నగరసేవకుడు ఎంత గట్టిగా అరిచినా ఆ తేదీలు జరగవు.

---

పద్దుల పుస్తకం:

పైవారి మాటకి చిన్న సవరణ. ఢిల్లీ గురించి మాట్లాడకూడదని కాదు. మునిసిపాలిటీలకి రాజ్యాంగంలో చోటిచ్చిన 74వ సవరణ పి.వి. నరసింహారావు ప్రభుత్వ కాలంలోది, 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆయన 1996లో మన బరంపురం నుంచే లోక్‌సభకి గెలిచారు. ఆ సవరణలో 12వ షెడ్యూలు కింద 18 పనులు రాశారు గానీ, వాటిని అప్పగించాలా వద్దా అన్నది రాష్ట్రాలకి వదిలారు. తాగునీరు ఆ జాబితాలో ఉంది, అయినా మన దగ్గర నీళ్ళు వేరే విభాగం చేతిలో ఉన్నాయి. కౌన్సిలర్ జాతీయ రాజకీయం మాట్లాడదలిస్తే దీనిమీద మాట్లాడాలి. ఒకేసారి ఎన్నికల మీద ఉపన్యాసం ఎంపీ కూడా ఇవ్వగలడు.

---

మహేంద్రతనయ గట్టు:

చాలా సంతోషం. తీర్మానం నకలు, ఎస్టిమేటు ఆఫీసులో అడిగితే ‘ఇ.ఓ. (కార్యనిర్వహణాధికారి) గారు లేరు’ అంటున్నారు. ఆర్‌టీఐ వెయ్యాలంటే తెలుగులో రాయొచ్చా?

---

లెవెల్ గొట్టం:

ఒడియాలోగానీ ఇంగ్లీషులోగానీ రాయండి, తెలుగు కాగితం మీద నలుగుతూ కూర్చునే టైము మీకు లేదు. ఒడిశాలో తెల్లకాగితం చెల్లదు, ‘ఫారం ఎ’ నింపాలి, గుర్తింపు కార్డు నకలు జత చేయాలి. 10 రూపాయల కోర్టుఫీ స్టాంపు అతికించండి. నకలు పేజీకి 2 రూపాయలు. ఫారం తిరిగి రావడానికి మామూలు కారణాలు రెండే: గుర్తింపు కార్డు లేకపోవడం, ‘ఎందుకు కట్టలేదు’ లాంటి ప్రశ్నలు రాయడం. ఎందుకు అని అడక్కండి, కాగితం అడగండి. ‘ఫలానా వార్డు, ఫలానా వీధి కాలువకి 2022 ఏప్రిల్ నుంచి తయారైన ఎస్టిమేట్లు, వాటిమీద కౌన్సిల్ తీర్మానాలు, వర్క్ ఆర్డర్లు, కొలతల పుస్తకం పేజీల ధ్రువీకరించిన నకళ్ళు’ అని రాయండి చాలు.

30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు, దానికి 20 రూపాయల స్టాంపు, గడువు 30 రోజులు. రెండోది కమిషన్‌కి, 25 రూపాయలు. ఆఫీసులో ఫారం తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. నకళ్ళు మీటింగు నాటికి అందకపోయినా ఫర్వాలేదు, పోస్టు రసీదు చేత్తో పట్టుకుని అడగండి.

---

రెండు నోళ్ళ ఊరు:

ఫారం నింపేటప్పుడు వీధి పేరు ఆఫీసు రికార్డులో ఎలా ఉందో అలాగే రాయండి. మనం తెలుగులో పిలుచుకునే పేటకి రికార్డులో ఒడియా పేరు వేరే ఉంటుంది, ‘అలాంటి వీధి మా పరిధిలో లేదు’ అని జవాబిచ్చి ఫైలు మూసేస్తారు. హోల్డింగ్ టాక్స్ రసీదు మీద ఉన్న పేరు, హోల్డింగ్ నంబరు చూసి రాసుకోండి.